యాక్చురియల్ సైన్స్ డిగ్రీ: ఏ పేపర్లు చదవాలి, ఏ వరసలో చదవాలి? హైదరాబాద్ విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారం నుంచి ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తుంది: "మావాడికి మ్యాథ్స్ అంటే ప్రాణం, ఇంజినీరింగ్ మాత్రం వద్దంటున్నాడు. యాక్చురియల్ సైన్స్ అంట. అది ఏ కాలేజీలో ఉందండీ?" యాక్చురియల్ సైన్స్ అంటే బీమా, పెన్షన్లలాంటి చోట ముందుముందు వచ్చే ప్రమాదాన్నీ దానికి కావాల్సిన డబ్బునూ లెక్కగట్టే చదువు; ఆ లెక్క వేసేవాళ్లే యాక్చువరీలు. కాలేజీ పేరు, డిగ్రీ పేరు తర్వాత చూద్దాం. మూడేళ్ల తర్వాత చేతికొచ్చే మెమోల్లో ఏ పేపర్లు ఉంటాయో ముందు చూడాలి. బయట "యాక్చురియల్ సైన్స్" అని బోర్డు పెట్టి, లోపల ప్రాబబిలిటీ ఒక్క సెమిస్టర్‌తో సరిపెడితే పేరు గొప్ప, ఊరు దిబ్బ. మామూలు బీఎస్సీలో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ గట్టిగా చదివిన పిల్ల అలాంటి కోర్సు చదివినవాళ్లందరినీ దాటిపోతుంది.

కారణం సులువే. మన దేశంలో డిగ్రీతో ఎవరూ యాక్చువరీ అయిపోరు. 2006 నాటి యాక్చువరీస్ చట్టం కింద ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా ఉంది. దాన్ని ఐఏఐ అంటారు. అది పెట్టే పరీక్షలన్నీ పాసై ఫెలో అయినవాళ్లే యాక్చువరీలు. సీఏ లాంటి దారే. కాబట్టి డిగ్రీలో ఏ పేపర్ తీసుకున్నా "ఇది ఆ పరీక్షల్లో దేనికి పనికొస్తుంది?" అని అడగాలి. ఈ వ్యాసమంతా ఆ ప్రశ్నకు జవాబే.

మొదటి మెట్టు: ఇంటర్‌లో ఏం చదివారో చూసుకోండి

ఎంపీసీ, ఎంఈసీ రెండు గ్రూపులవాళ్లకీ దారి తెరిచే ఉంటుంది, ఎందుకంటే రెండింటిలోనూ మ్యాథ్స్ ఉంది. ఎంఈసీ వాళ్లు "మేం కామర్స్ కదా" అని వెనకాడతారు. నిజానికి ఎకనామిక్స్ ముందే చదివి ఉండటం వాళ్లకు లాభం. సీఈసీ, బైపీసీ వాళ్లు మాత్రం ఇంటర్ మ్యాథ్స్‌ను విడిగా, మొదటి నుంచి చదువుకోక తప్పదు.

ఇంటర్ పుస్తకాలు అమ్మేయకండి. 2ఏ లోని ప్రాబబిలిటీ, రాండమ్ వేరియబుల్స్, మెజర్స్ ఆఫ్ డిస్పర్షన్, పర్ముటేషన్స్. 1బీ లోని డిఫరెన్షియేషన్. 2బీ లోని ఇంటిగ్రేషన్. 1ఏ లోని మ్యాట్రిసెస్, వెక్టర్స్. ఐఏఐ ప్రవేశ పరీక్ష మ్యాథ్స్‌లో చాలా భాగం వీటిమీదే నడుస్తుంది. విచిత్రమేమంటే ఎప్‌సెట్ హడావుడిలో మనవాళ్లు షార్ట్‌కట్లతో దాటేసేది కూడా ఈ ప్రాబబిలిటీ చాప్టర్లనే. ఆప్షన్లలో జవాబు పట్టుకోవడం ఒకటి, లెక్కను మొదటి నుంచి చివరిదాకా రాయగలగడం ఇంకొకటి. ముందు ముందు మీకు రెండోదే కావాలి.

రెండో మెట్టు: కాంబినేషన్ ఎంచుకోవడం

హైదరాబాద్‌లో డిగ్రీ సీట్లలో చాలా భాగం దోస్త్ అనే ఆన్‌లైన్ డిగ్రీ అడ్మిషన్ల పద్ధతి ద్వారానే భర్తీ అవుతాయి. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరుతో పాటు కాంబినేషన్ కూడా చూడండి. నా వరస ఇది. మొదట మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్. తర్వాత మ్యాథ్స్, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ మీద నాకు ఏ వ్యతిరేకతా లేదు, కానీ ఈ దారికి కెమిస్ట్రీ ల్యాబ్‌లో గడిపే గంటలు ఖర్చు కిందే లెక్క. స్టాటిస్టిక్స్ లేని కాంబినేషన్ అయితే ఎంత పేరున్న కాలేజీ అయినా ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

బీకాం వాళ్లకు అకౌంట్స్, ఫైనాన్స్ బాగా వస్తాయి కానీ బిజినెస్ స్టాటిస్టిక్స్ ఒక్కటే సరిపోదు, అందులో క్యాల్‌క్యులస్ ఉండదు. బీటెక్ వాళ్లది తిరగేసిన సమస్య. మ్యాథ్స్ ఉంటుంది కానీ ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ రెండూ కలిపి ఒక్క సెమిస్టర్‌లో పరుగెత్తిస్తారు. ఎవరికి ఏది తక్కువో అది బయట నింపుకోవాలి.

ప్రైవేట్ యూనివర్సిటీలో "యాక్చురియల్" పేరుతో కోర్సు కనిపిస్తే, ఫీజు కట్టకముందే ఆరు సెమిస్టర్ల సిలబస్ పీడీఎఫ్ అడగండి. అందులో కిందటి ఏడాది చెప్పిన పేపర్లేవి, చెప్పినవాళ్లెవరు అని కూడా అడగండి. బ్రోచర్‌లోని ఎలెక్టివ్‌లన్నీ ప్రతి ఏడాదీ నడవవు.

మూడో మెట్టు: ఒకే ఒక్క పాలసీతో సిలబస్ మొత్తం అర్థం చేసుకోండి

పేపర్ల పేర్లు బట్టీ పట్టడం కన్నా ఒక లెక్క చేద్దాం. అంకెలు ఊహించుకున్నవే. వెయ్యిమంది, అందరిదీ ఒకే వయసు. ఏడాదిలో వెయ్యికి ఇద్దరు చనిపోతారని అంచనా. చనిపోయినవాళ్ల కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలి. ఇద్దరికి 20 లక్షలు. వెయ్యిమందికి పంచితే మనిషికి 2,000 రూపాయలు. ప్రీమియం 2,000 పెడితే సరిపోయినట్టేనా?

ఇక్కడ మొదటి పేపర్ తలుపు తడుతుంది: ప్రాబబిలిటీ. సగటున ఇద్దరు అన్నామంటే ప్రతి ఏడాదీ కచ్చితంగా ఇద్దరే అని కాదు. అరుదైన ఘటనలు ఎన్నిసార్లు జరగొచ్చో చెప్పే పాయిజాన్ డిస్ట్రిబ్యూషన్ వేసి చూడండి. ముగ్గురు, అంతకన్నా ఎక్కువమంది చనిపోయే అవకాశం దాదాపు 32 శాతం. అంటే ఇంచుమించు మూడేళ్లకోసారి కంపెనీ జేబులోంచి పెట్టుకోవాలి.

సరే, ప్రీమియం 2,500 చేద్దాం. 25 లక్షలు వస్తాయి. అప్పుడు కూడా మూడో క్లెయిమ్‌కు డబ్బు చాలదు. నష్టం వచ్చే అవకాశం అదే 32 శాతం, ఇసుమంత కూడా తగ్గలేదు! ఇప్పుడు ఇదే 2,500 ప్రీమియం లక్షమంది దగ్గర తీసుకోండి. చేతిలో 25 కోట్లు, అంటే 250 క్లెయిమ్‌లకు సరిపడా డబ్బు. సగటు 200, స్టాండర్డ్ డీవియేషన్ సుమారు 14. సగటు నుంచి 250 మూడున్నర స్టాండర్డ్ డీవియేషన్ల దూరంలో ఉంది. నష్టం వచ్చే అవకాశం వెయ్యికి ఒక్కసారి కూడా లేదు. బీమా వ్యాపారం నిలబడేది ఈ లెక్క మీదే. ఇది కాగితం మీద స్వయంగా వేసి చూసిన విద్యార్థికి బైనామియల్, పాయిజాన్, నార్మల్ అప్రాక్సిమేషన్ మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు. దీనికోసం డిగ్రీ మొదటి ఏడాదిలో క్యాల్‌క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, డిస్ట్రిబ్యూషన్లు కావాలి.

రెండో ప్రశ్న: వెయ్యికి ఇద్దరు అని ఎవరు చెప్పారు? పాత డేటా చెప్పింది. ఆ డేటాను ఎంతవరకు నమ్మాలి, పొగతాగేవాళ్లకూ తాగనివాళ్లకూ తేడా ఎంత అన్నవి తేల్చేది మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్: ఎస్టిమేషన్, టెస్టింగ్, రిగ్రెషన్, జనరలైజ్డ్ లీనియర్ మోడల్స్, బేసియన్ పద్ధతులు. ఐఏఐలో సీఎస్1 పేపర్ దాదాపు ఇదే. స్టాటిస్టిక్స్ మెయిన్‌గా తీసుకున్నవాళ్లకు రెండో ఏడాదిలో వచ్చే పేపర్లు ఇందులో చాలా భాగానికి పనికొస్తాయి. జనరలైజ్డ్ లీనియర్ మోడల్స్ మాత్రం చాలా కాలేజీల్లో చెప్పరు, సొంతంగా చదవాలి.

మూడో ప్రశ్న: ప్రీమియం ఇవాళ తీసుకుంటాం, క్లెయిమ్ ఎప్పుడో కడతాం. మధ్యలో వడ్డీ సంగతేమిటి? ఏడాది చివర కట్టాల్సిన 2,000కి 7 శాతం వడ్డీ మీద ఇవాళ 1,869 చాలు. ఇదే ఫైనాన్షియల్ మ్యాథమెటిక్స్. మన ఇళ్లలో రోజూ నడిచే లెక్కే కానీ సరిగ్గా చేసేవాళ్లు తక్కువ. ఒక ఉదాహరణ. బండి కొనడానికి లక్ష అప్పు, "12 శాతం ఫ్లాట్", ఏడాదిలో 12 వాయిదాలు. షోరూమ్‌లో ఆయన దీన్ని "రూపాయి వడ్డీయేనండీ" అంటాడు. లక్షా పన్నెండు వేలను 12తో భాగిస్తే నెలకు 9,333. కానీ మీరు ప్రతి నెలా అసలు కూడా తీరుస్తున్నారు కదా, ఏడాది పొడుగునా లక్ష మీ దగ్గర లేదు. ఎక్సెల్‌లో రేట్ ఫంక్షన్ పెట్టి చూస్తే నెలకు 1.79 శాతం వస్తుంది. అంటే ఏడాదికి సుమారు 21.5 శాతం. రూపాయి వడ్డీ కాస్తా రూపాయి ఎనభై పైసల వడ్డీ అయింది. ఈ లెక్క తేల్చే సమీకరణాన్నే ఈక్వేషన్ ఆఫ్ వాల్యూ అంటారు, సీఎం1 పేపర్‌కు అది వెన్నెముక. ఇంకా కావాలంటే మీ అమ్మగారు కట్టే చీటీలో మూడో నెల పాట పాడుకున్నవాళ్లకు పడే వడ్డీ ఎంతో, చివరిదాకా ఆగినవాళ్లకు వచ్చే వడ్డీ ఎంతో లెక్కగట్టండి. దీన్ని మించిన ప్రాక్టీస్ లేదు.

నాలుగో ప్రశ్న: పాలసీ ఏడాదికి కాకుండా ఇరవై ఏళ్లకైతే? వయసు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది, ప్రీమియం మాత్రం ఏటా ఒకటే. మొదటి ఏళ్లలో ఎక్కువ తీసుకున్నది పక్కన పెట్టకపోతే గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టే. ఆ పక్కన పెట్టే డబ్బే రిజర్వ్. దాన్ని లెక్కగట్టేది లైఫ్ కాంటింజెన్సీస్. వడ్డీ లెక్కనూ, ఏ వయసులో ఎంతమంది పోతారో చెప్పే మరణ పట్టికనూ కలిపేది ఇక్కడే, సీఎం1 రెండో సగమంతా ఇదే. మన దేశంలో జీవిత బీమాకు వాడే పట్టిక ఐఏఎల్ఎమ్ 2012-14. పెన్షన్, యాన్యుటీ (బతికున్నంతకాలం క్రమంగా అందే డబ్బు) తీసుకునేవాళ్లకు వేరే పట్టిక ఉంది. ఎందుకు రెండు అంటే, బీమా తీసుకున్నవాళ్లు ముందుగా పోతే కంపెనీకి నష్టం, యాన్యుటీ తీసుకున్నవాళ్లు ఎక్కువకాలం బతికితే నష్టం. ఎవరి లెక్క వాళ్లదే.

ఐదో ప్రశ్నే అసలు కష్టమైనది. పైన లక్షమంది లెక్కలో ఒకరి చావుకూ ఇంకొకరి చావుకూ సంబంధం లేదనుకున్నాం. 2020, 2021లో కోవిడ్ ఆ ఊహను ఏం చేసిందో మనం కళ్లారా చూశాం. అందరికీ ఒకేసారి ప్రమాదం వస్తే సంఖ్య ఎంత పెద్దదైనా కాపాడదు. ఇలాంటివి తేల్చడానికే స్టొకాస్టిక్ ప్రాసెసెస్, సర్వైవల్ మోడల్స్, టైమ్ సిరీస్, ఎక్స్‌ట్రీమ్ వాల్యూ థియరీ. ఐఏఐలో ఇది సీఎస్2. డిగ్రీ స్థాయిలో మార్కోవ్ చైన్లు, టైమ్ సిరీస్ దొరికితే అదృష్టం. ఎలెక్టివ్‌గా ఇస్తే కళ్లు మూసుకుని తీసుకోండి.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. ఆప్షన్ ధరలు, పోర్ట్‌ఫోలియో సిద్ధాంతం, జనరల్ ఇన్సూరెన్స్‌లో ఇంకా తేలని క్లెయిమ్‌ల అంచనా సీఎం2లో వస్తాయి. కంపెనీ బ్యాలెన్స్ షీట్ చదవడం సీబీ1, మైక్రో, మాక్రో ఎకనామిక్స్ సీబీ2, బిజినెస్ మేనేజ్‌మెంట్ సీబీ3. మ్యాథ్స్ పిల్లలు ఈ సీబీ పేపర్లను చిన్నచూపు చూస్తారు. లెక్కల్లో తిరుగులేనివాళ్లు కూడా డిప్రిసియేషన్ ఎందుకు వేస్తారో రాయలేక ఇబ్బంది పడతారు. డిగ్రీలో జనరిక్ ఎలెక్టివ్ దొరికితే అకౌంట్స్ తీసుకోండి.

నాలుగో మెట్టు: మూడేళ్లకు వరస

మొదటి ఏడాది క్యాల్‌క్యులస్, ప్రాబబిలిటీ, మైక్రో ఎకనామిక్స్, ఎక్సెల్. వీటితో పాటు ప్రవేశ పరీక్ష. దాని పేరు ఏసెట్, ఇంటర్ పాసైతే రాయవచ్చు. 3 గంటలు, 70 ప్రశ్నలు, 100 మార్కులు. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, డేటా ఇంటర్‌ప్రెటేషన్, ఇంగ్లిష్, లాజికల్ రీజనింగ్. ఇది పాసైతేనే ఐఏఐలో స్టూడెంట్ మెంబర్‌గా చేరి మిగతా పేపర్లు రాయగలరు. ఇంటర్ మ్యాథ్స్ ఇంకా తాజాగా ఉండగానే, అంటే డిగ్రీ మొదటి ఏడాదిలోనే రాసేయడం మంచిది. మూడో ఏడాదిలో రాద్దామంటే డిఫరెన్షియేషన్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

రెండో ఏడాది మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్, ఫైనాన్షియల్ మ్యాథ్స్, అకౌంట్స్, ఆర్ (స్టాటిస్టిక్స్ లెక్కలకు వాడే కంప్యూటర్ భాష) ప్రోగ్రామింగ్. కాలేజీలో స్టాటిస్టిక్స్ నడుస్తుండగానే సీఎస్1 రాయండి, ఒకే చదువు రెండు పరీక్షలకు పనికొస్తుంది. సీబీ2ను కూడా ఎకనామిక్స్ సెమిస్టర్‌తో జత చేయవచ్చు.

మూడో ఏడాది లైఫ్ కాంటింజెన్సీస్, స్టొకాస్టిక్ ప్రాసెసెస్, టైమ్ సిరీస్, ప్రాజెక్ట్, దానితో పాటు సీఎం1. డిగ్రీ అయ్యేసరికి ఏసెట్ కాక మూడు పేపర్లు పాసైతే చాలు, నిశ్చింతగా ఇంటర్వ్యూలకు వెళ్లవచ్చు. కొందరు ఆరు రాయాలని ఉబలాటపడి డిగ్రీలో బ్యాక్‌లాగ్‌లు తెచ్చుకుంటారు. వద్దు. ఐఏఐ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి, ఫెలోషిప్ దాకా వెళ్లడానికి ఉద్యోగం చేస్తూనే ఏళ్లు పడుతుంది. అంత టెన్షన్ ఇప్పుడే ఎందుకు?

ఐదో మెట్టు: కాలేజీలో లేనిది బయట నింపుకోవడం

మీ సిలబస్‌నూ, ఐఏఐ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే సీఎస్1, సీఎం1 సిలబస్‌లనూ పక్కపక్కన పెట్టుకుని గీతలు కొట్టండి. మిగిలిపోయినవే మీ సొంత చదువు. చాలామందికి మిగిలేవి ఫైనాన్షియల్ మ్యాథ్స్, లైఫ్ కాంటింజెన్సీస్. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ స్వయంలో ప్రాబబిలిటీ, స్టొకాస్టిక్ ప్రాసెసెస్ మీద ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా ఉంటాయి. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం స్వయం కోర్సుల క్రెడిట్లను డిగ్రీలో కలుపుకునే వీలుంది. మీ కాలేజీ కలుపుతుందో లేదో ఎగ్జామ్ బ్రాంచ్‌లో ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

స్టాటిస్టిక్స్ పుస్తకాలు కొత్తవి కొననక్కర్లేదు. కోఠిలో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద సగం ధరకే దొరుకుతాయి, డిస్ట్రిబ్యూషన్లు ఏ ఎడిషన్‌లో అయినా అవే. ఐఏఐ స్టడీ మెటీరియల్ మాత్రం పాతది తీసుకోకండి. 2019లో సిలబస్ మారింది. అంతకుముందు సీటీ1, సీటీ2 అనే పేర్లతో ఉండేవి. ఆ పేర్లు కనిపిస్తే పుస్తకం కింద పెట్టేయండి.

ఆరో మెట్టు: కంప్యూటర్

సీఎస్ పేపర్లలో రెండో భాగం కంప్యూటర్ మీద ఆర్‌లో, సీఎం పేపర్లలో రెండో భాగం ఎక్సెల్‌లో రాయాలి. కాబట్టి ఇవి రెజ్యూమేలో ఒక లైను కోసం నేర్చుకునేవి కావు, మార్కులు తెచ్చేవి. అమీర్‌పేటలో బోర్డు చూసి డేటా సైన్స్ కోర్సులో చేరేముందు వాళ్లు ఆర్ చెబుతారో, పైథాన్ ఒక్కటే చెబుతారో కనుక్కోండి. పైథాన్, ఎస్‌క్యూఎల్ ఉద్యోగంలో పనికొస్తాయి, కానీ పరీక్షకు ఆర్ కావాలి.

ప్రాజెక్ట్ ఏం చేయాలని అడిగేవాళ్లకు నా సలహా ఇది. రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ ఆధారంగా జీవిత పట్టికలు ప్రచురిస్తుంది, రాష్ట్రాలవారీగా, ఆడ మగ విడివిడిగా. వాటిని ఎక్సెల్‌లోకి తెచ్చుకోండి. ఐదేళ్ల వయసు అంతరాలను ఒక్కో ఏడాదికి విడదీయండి. ముప్పై ఏళ్ల మనిషికి ఇరవై ఏళ్ల టర్మ్ పాలసీ ప్రీమియం లెక్కగట్టండి. వడ్డీ 5 శాతమైతే ఎంత, 8 అయితే ఎంత? తర్వాత ఏదైనా కంపెనీ వెబ్‌సైట్‌లో అదే పాలసీ ధర చూడండి. తేడా వస్తుంది. జనాభా పట్టికకూ బీమా తీసుకున్నవాళ్ల పట్టికకూ తేడా ఎందుకు, ఖర్చులు, లాభం ఎంత కలిపారు అన్న వివరణ రెండు పేజీల్లో రాయండి. ఆ రెండు పేజీలు మీ సర్టిఫికెట్లకన్నా ఎక్కువ మాట్లాడతాయి.

అమెరికా వెళ్లేవాళ్లకు ఒక మాట

అక్కడ పరీక్షలు పెట్టేవి సొసైటీ ఆఫ్ యాక్చువరీస్, క్యాజువాల్టీ యాక్చురియల్ సొసైటీ. మొదటి రెండు పేపర్లు ప్రాబబిలిటీ, ఫైనాన్షియల్ మ్యాథమెటిక్స్. అంటే పైన చెప్పిన మొదటి, మూడో ప్రశ్నలే. ఎకనామిక్స్, అకౌంటింగ్ అండ్ ఫైనాన్స్, మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ మూడింటినీ అక్కడ వీఈఈ అంటారు. వీటికి పరీక్ష బదులు గుర్తింపు పొందిన యూనివర్సిటీ కోర్సులో బీ మైనస్ లేదా అంతకన్నా మంచి గ్రేడ్ చూపించవచ్చు. కాబట్టి డిగ్రీ ఇక్కడ చేసినా పేపర్ల వరస మారదు, రాసే పరీక్ష మారుతుంది. రెండు దేశాల పరీక్షలూ ఒకేసారి మొదలుపెట్టకండి.

ఏడో మెట్టు: ఉన్న ఊరిని వాడుకోవడం

బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనే, నానక్‌రామ్‌గూడలో ఉంది. అది జారీ చేసే నిబంధనలు, వార్షిక నివేదికలు వెబ్‌సైట్‌లో ఉచితం. వార్షిక నివేదికలో క్లెయిమ్‌ల అధ్యాయం ఒక్కటి చదివి వెళ్లినా ఇంటర్వ్యూలో మాట్లాడటానికి విషయం ఉంటుంది. గచ్చిబౌలి, హైటెక్ సిటీ చుట్టుపక్కల విదేశీ బీమా కంపెనీలకు, కన్సల్టింగ్ సంస్థలకు ఇక్కడి నుంచి యాక్చురియల్ పని చేసిపెట్టే టీమ్‌లు ఉన్నాయి. ఇంటర్న్‌షిప్‌కు ఐదో సెమిస్టర్ నుంచే ప్రయత్నించండి. అప్లికేషన్‌తో పాటు పాసైన పేపర్ల రిజల్ట్ కాపీ, ఆర్ కోడ్ లింకు, పైన చెప్పిన రెండు పేజీల ప్రాజెక్ట్ పంపండి. ఇంటర్వ్యూలో ఎక్కువగా వచ్చే ప్రశ్న ఫార్ములా మీద ఉండదు. "ఈ ప్రీమియం ఎందుకు పెరిగిందో కస్టమర్‌కు ఎలా చెబుతావు?" అంటారు. ఇంట్లో అమ్మమ్మకు తెలుగులో, అద్దం ముందు ఇంగ్లిష్‌లో ఒకసారి చెప్పి చూసుకుని వెళ్లండి.